జుట్లతోటలో గట్టిమేళం

పర్చూరు చుట్టుపక్కల ఊళ్ళలో బుడాన్ సన్నాయి అన్నారంటే అంకమ్మరావు డోలు కూడా అందులోనే లెక్క. నలభై ఒక్క ఏళ్ళుగా ఒకరిని వదిలి ఇంకొకరిని ఎవరూ పెళ్ళికి పిలవలేదు. అలాంటిది ఈ ఏడు ఫాల్గుణంలో ఒక పెళ్ళి నుంచి తిరిగొచ్చిన రాత్రే అంకమ్మరావు డోలుకి పాత పంచె చుట్టి అటక మీద పెట్టేశాడు. గుంటూరులో మిరపకాయల కోల్డ్ స్టోరేజీకి వాచ్‌మన్‌గా పోతున్నానని తెల్లారి బుడాన్‌కి చెప్పాడు. అల్లుడు అక్కడ మాట్లాడి ఉంచాడు. చైత్రంలో ఒక సోమవారం చేరాలి.

ఆ పెళ్ళిలో జరిగింది చిన్న విషయమే. పురోహితుడు చెయ్యి ఎత్తాడు, పెళ్ళికొడుకు తాళి పట్టుకుని వంగాడు, అంకమ్మరావు డోలు పుల్ల ఎత్తాడు. వీడియో తీసే అతను వెనక్కి తిరిగి, "గట్టిమేళం కొంచెం మెల్లగా వాయించండి, మాటలు రికార్డవ్వటం లేదు" అన్నాడు.

గట్టిమేళం దేనికి వాయిస్తారో అతనికి తెలిసినట్టు లేదు. తాళి ముడిపడే సమయంలో పందిట్లో ఎవరైనా తుమ్మవచ్చు, ఎవరైనా ఏడవవచ్చు, ఎవరి నోటి నుంచైనా రాకూడని మాట రావచ్చు. అది పీటల మీద ఉన్న ఇద్దరి చెవినా పడకూడదు. డోలు దాన్ని మింగెయ్యాలి. అంకమ్మరావు మింగినన్ని తుమ్ములు ఆ తాలూకాలో ఇంకెవరూ మింగలేదు. ఒకసారి ఇంకొల్లులో వియ్యంకులిద్దరూ పందిరి గుంజలు పీకి కొట్టుకుంటుంటే అతను నలభై నిమిషాలు ఆపకుండా వాయించాడు. పెళ్ళికూతురికి ఆ సంగతి మూడో రోజు దాకా తెలియలేదు.

ఆ అలవాటు పందిట్లోనే ఆగితే బాగుండేది. బస్సులో ఎవరైనా తుమ్మితే అంకమ్మరావు ముందు సీటు కమ్మీ మీద వాయించేవాడు. చీరాలలో బుడాన్‌తో ఒక సినిమాకి వెళ్ళినప్పుడు తెర మీద హీరో తల్లి చచ్చిపోయి అందరూ ఘొల్లుమన్నారు. అంకమ్మరావు ముందు సీట్లో కూర్చున్న ఆయన వీపు మీద వాయించాడు. ఇద్దర్నీ బయటికి పంపారు. ఆ సినిమా చివరికి ఏమైందో బుడాన్‌కి ఈ రోజుకీ తెలియదు.

బుడాన్‌కి అరవై మూడేళ్ళు. అంకమ్మరావు పోకూడదని అతని కోరిక. ఆ మాట అంకమ్మరావుతో అనటం మాత్రం అతనికి చేతకాలేదు. నలభై ఒక్క ఏళ్ళలో వాళ్ళు మాట్లాడుకున్నవి ఆటో ఎన్నింటికి, భోజనాలు ముందా తర్వాతా అనేవే. "పోవద్దురా" అనటానికి ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక అతను ఇరవై రోజులు సన్నాయి రెల్లు పీకలు కడిగి ఆరబెట్టుకుంటూ కూర్చున్నాడు.

సోమవారం ఇంకా అయిదు రోజులు ఉందనగా, బుధవారం పొద్దున ఒక అమ్మాయి స్కూటరు మీద బుడాన్ ఇంటికి వచ్చింది. కాళ్ళకి చెప్పుల్లేవు. బుడాన్ భార్య సఫూరా ముందు ఆ కాళ్ళే చూసి, తర్వాత టీ తెచ్చింది.

"నా పేరు ఆరాధనండి. మాది నరసరావుపేట. ఆరేళ్ళు బ్యాంకులో చేశాను. ఇప్పుడు వాడరేవు దగ్గర సరుగుడు తోటలో ఉంటున్నాం, పదకొండు మందిమి."

"ఏం చేస్తుంటారమ్మా అక్కడ?" అన్నాడు బుడాన్.

ఆరాధన ఆలోచించింది. "ఉంటామండి."

ఆ తోట సంగతి బుడాన్ విన్నాడు. గేటు మీద స్వేచ్ఛాతీరం అని బోర్డు ఉంటుంది. వాడరేవు జనం జుట్లతోట అంటారు. అక్కడ మగవాళ్ళకీ ఆడవాళ్ళకీ నడుము దాకా జుట్టు. గడియారం లేదు, పెద్ద లేడు, ఎవరూ ఎవరినీ వద్దనకూడదు. ఏ పని చెయ్యాలన్నా పదకొండు మందీ ఒప్పుకోవాలి. పోయిన వేసవిలో కుండలో నీళ్ళు ఎవరు పొయ్యాలనే దాని మీద మూడు రోజులు కూర్చున్నారని, ఆ మూడు రోజులూ పక్క తోటలో నీళ్ళు తాగారని చెప్పుకుంటారు.

"ఆదివారం మా దగ్గర పాటల సభ పెడుతున్నామండి. వెనకటి హిప్పీల పాటలు. యాభై అరవై ఏళ్ళ కిందటివి, రాక్. మా డ్రమ్ముల అతనికి బెంగుళూరులో ఉద్యోగం వచ్చింది. వద్దనకూడదు కాబట్టి వద్దనలేదు. డ్రమ్ముల బదులు డోలు, దానితోపాటు సన్నాయి ఉంటే బాగుంటుందని అందరం అనుకున్నాం."

"ఎన్ని రోజులు అనుకున్నారు?" అని సఫూరా లోపల్నుంచి అడిగింది.

"ఒకటిన్నరండి."

ఆరాధన ఫోన్‌లో ఒక పాట పెట్టింది. గిటారు మూలిగి, పైకి పోయి, అక్కడ వణికి కిందికి దిగింది. బుడాన్ కళ్ళు మూసుకుని విన్నాడు. తొడ మీద వేళ్ళు కదిలించాడు.

"ఇది శుద్ధ ధన్యాసి రాగం."

"కాదండి, రాక్."

"రాకే అనుకోమ్మా. అయిదు స్వరాలే కదా. మా నాయన దీన్ని గంటసేపు వాయించేవాడు. వీళ్ళు పద్నాలుగో నిమిషానికే అలిసిపోయారు. సభ ఎన్నింటికి?"

"సాయంత్రం. సముద్రంలో సూర్యుడు మునిగేటప్పుడు."

బుడాన్ టీ గ్లాసు కింద పెట్టాడు. "మన సముద్రంలో పొద్దు మునగదు కదమ్మా. పొడుస్తది."

"తెలుసండి," అంది ఆరాధన. "మాలో తోమా గారని ఉన్నారు, యాభై ఏళ్ళు గోవాలో ఉండి వచ్చారు. అక్కడ మునుగుతుంది. రెండేళ్ళ నుంచి రోజూ సాయంత్రం సముద్రం వైపు తిరిగి కూర్చుంటున్నాం. చీకటి పడగానే, ఇవాళ మబ్బు పట్టింది అంటారాయన. ఎవరి నమ్మకాన్నీ కాదనకూడదు."

"మరి నేను అనొచ్చా?"

"మీరు బయటివాళ్ళు. అనొచ్చు."

బుడాన్ ఆమె ఫోన్‌లోనే తోమాకి ఆ సంగతి చెప్పాడు. సాయంత్రానికల్లా సభ ఆదివారం పొద్దు పొడిచే వేళకి మారిందని కబురు వచ్చింది.

ఆ సాయంత్రమే బుడాన్ అంకమ్మరావు ఇంటికి వెళ్ళాడు.

"ఒరేయ్, ఆదివారం పొద్దున ఒకటి ఉంది. వాడరేవులో. సోమవారం నువ్వు ఎట్టాగూ పోతున్నావు."

"పెళ్ళెవరిది?"

"పెళ్ళి కాదు. తాళీ లేదు, పీటలూ లేవు. పాటలు."

"తాళి లేకపోతే డోలు దేనికిరా?"

"పాటకి."

అంకమ్మరావు గోడ వైపు చూశాడు. "వీడియో తీస్తారా?"

"వాళ్ళకి కరెంటు రోజుకి రెండు గంటలేనంట. అది గిటార్లకే సరిపోదు."

అంకమ్మరావు నిచ్చెన కోసం లోపలికి వెళ్ళాడు. ఒకరి కరెంటు తక్కువని సంతోషించటం బుడాన్‌కి అదే మొదటిసారి.

శనివారం మధ్యాహ్నం ఇద్దరూ చీరాల మీదుగా వాడరేవు వెళ్ళారు. తోట గేటు దగ్గర పదకొండు మందీ వరసగా నిలబడి ఉన్నారు. మోకాళ్ళు అరిగేదాకా అంకమ్మరావు ఊళ్ళో ఇరవై ఏళ్ళు సెలూన్ నడిపాడు. ఆ వరసని ఈ చివర నుంచి ఆ చివరకి చూశాడు.

"ఒక రోజంతా పట్టుద్ది," అన్నాడు బుడాన్ చెవిలో. "దువ్వెన్లు విరుగుతాయి."

మేళాన్ని పిలిచినవాళ్ళు ముందు తాంబూలం ఇవ్వాలి. ఇంటిపెద్ద చేత్తో ఇవ్వాలి. అది అందుకోనిదే సన్నాయి సంచిలోంచి బయటికి రాదు. ఇక్కడ పెద్ద లేడు. అందుకని పదకొండు మందీ ఒకే పళ్ళేన్ని పట్టుకుని ముందుకు వచ్చారు. పళ్ళెం చిన్నది. చుట్టూ జుట్టు. ఎవరి జుట్టో ఇంకెవరి ముక్కులోకో పోయి ఒకతను తుమ్మాడు. తమలపాకులు నేల మీద పడేలోగా అంకమ్మరావు డోలు మీది గుడ్డ తియ్యకుండానే గట్టిమేళం వాయించేశాడు.

పదకొండు మందీ చప్పట్లు కొట్టారు. "అదీ," అన్నాడు వాళ్ళలో పెద్దాయన. "అదే కావాలి రేపు."

ఆయనే తోమా. వయసు డెబ్భై ఒకటి, తెల్ల జుట్టు పిలక. చీరాలవాడు. 1974లో వాడరేవు ఒడ్డున కొందరు తెల్లవాళ్ళు నెల రోజులు గుడారాలు వేసుకున్నారు. వాళ్ళకి చేపల పులుసు వండిపెట్టటానికి వెళ్ళిన తోమా వాళ్ళతోనే గోవా పోయాడు. పులుసు వండుతూ గిటారు నేర్చాడు, గిటారు వాయిస్తూ పులుసు మర్చిపోయాడు. అందరినీ బ్రో అంటాడు. అంకమ్మరావుని కూడా అన్నాడు. అంకమ్మరావు ఆయన్ని అయ్యా అన్నాడు.

"ఆ రోజుల్లో సభ చివర గిటారుని నేలకేసి కొట్టి పగలగొట్టేవాళ్ళు బ్రో," అన్నాడు తోమా, సరుగుడు చెట్టు కింద కూర్చుని.

అంకమ్మరావు డోలుని తన వెనక్కి జరుపుకున్నాడు. "ఎందుకయ్యా?"

"స్వేచ్ఛ."

"దసరాకి ఆయుధపూజ చెయ్యరా వీళ్ళు?" అని అంకమ్మరావు బుడాన్‌ని అడిగాడు.

సాయంత్రం పాట ఒకసారి అనుకుని చూశారు. గోవాలో తోమా, ఆయన స్నేహితుడు కలిసి కట్టుకున్న పాట అది. ఆ స్నేహితుడు ఒక రోజు ఓడ ఎక్కి వెళ్ళాడు, తిరిగి రాలేదు. పాట పదిహేడు నిమిషాలు. సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలు మానుకుని వచ్చిన ఇద్దరు గిటార్లు వాయించారు. తోమా గొంతు దాచుకుంటున్నానని చెప్పి ఉప్పునీళ్ళు పుక్కిలిస్తూ చేత్తో తాళం మాత్రం వేశాడు. పన్నెండో నిమిషంలో చెయ్యి పైకెత్తి అందరినీ ఆపాడు.

"ఇక్కడొకటి ఉంది. అది రేపే."

అదేమిటని బుడాన్ అడగలేదు. తర్వాత చాలాసార్లు ఆ సంగతి తల్చుకున్నాడు.

ఆదివారం అయిదూ ఇరవైకి ఇసక మీద చాపలు పరిచారు. చీరాల, ఒంగోలు నుంచి వచ్చినవాళ్ళు అరవై మంది ఉంటారు. పడవల దగ్గర వలలు సర్దుకుంటున్నవాళ్ళు కొందరు ఇటు తిరిగి కూర్చున్నారు. ఎండుచేపలు పరుస్తున్న సంతోషకుమారి అనే ఆవిడ తట్ట కింద పెట్టి, మిగతావాళ్ళని కూడా పిలిచింది.

బుడాన్ శుద్ధ ధన్యాసి ఎత్తుకున్నాడు. దానికి దగ్గర చుట్టాన్ని కొందరు ఉదయరవిచంద్రిక అంటారు. పేరులో ఉదయం ఉంది కాబట్టి పొద్దున్నే వాయిస్తే ఫరవాలేదని రాత్రే తనకి తాను సర్దిచెప్పుకున్నాడు. అంకమ్మరావు ఎడమచేత్తో పుల్ల పట్టుకుని, కుడిచేతి వేళ్ళకి తొడుగులు వేసుకుని అందుకున్నాడు. గిటార్లు వెనక నుంచి వచ్చి కలిశాయి, తోమా గొంతు కలిపాడు. అయిదూ నలభై అయిదుకి సూర్యుడు సముద్రంలోంచి పైకి వచ్చాడు. తోమా పాడటం ఆపి చూస్తూ ఉండిపోయాడు. ఆయన రోజూ పదింటికి లేస్తాడు.

అంకమ్మరావు వాయిస్తూ వాయిస్తూ నవ్వాడు. బుడాన్ అది చూశాడు. ఫాల్గుణం తర్వాత అతను నవ్వటం అదే మొదలు. రేపు వీడు పోడు అనుకున్నాడు బుడాన్, ఊపిరి మార్చుకుంటూ.

తర్వాత తోమా తన పాట మొదలుపెట్టాడు. పన్నెండో నిమిషం వచ్చింది. తోమా కళ్ళు మూసుకుని, తల వెనక్కి వాల్చి, ఓడ ఎక్కిన స్నేహితుడి కోసం ఏడుపు ఎత్తుకున్నాడు. అది పొట్టలోంచి వచ్చి, గొంతులో పగిలి, సరుగుడు చెట్ల మీది కాకుల్ని లేపింది. రెండు క్షణాలు వినిపించింది.

మూడో క్షణంలో అంకమ్మరావు గట్టిమేళం అందుకున్నాడు.

తోమా నోరు తెరిచే ఉంది. దానిలోంచి ఏమి వస్తోందో పక్కనున్న బుడాన్‌కి కూడా వినపడలేదు. ఏడుపు అయ్యాక డోలు ఆగింది. ఒంగోలువాళ్ళు ఈలలు వేశారు. తోమా కళ్ళు తెరిచి, గిటార్లవాళ్ళకి వేలు చూపించి, పదకొండో నిమిషం నుంచి మళ్ళీ మొదలుపెట్టాడు. మళ్ళీ ఏడుపు. మళ్ళీ గట్టిమేళం. మూడోసారి తోమా ఏడుపుని కొంచెం ముందుకు జరిపి చూశాడు. అంకమ్మరావు ఇంకొల్లు వియ్యంకుల్ని చూసినవాడు. అతనూ ముందుకు జరిగాడు.

తోమా గిటారు ఇసక మీద పెట్టాడు. యాభై ఏళ్ళ గోవా ఒక్క నిమిషంలో దిగిపోయింది.

"ఏరా, బుద్ధుందా నీకు? నేను ఏడుస్తుంటే బాదుతావేందిరా?"

"అయ్యా, పెద్దవారు ఏడుస్తుంటే నలుగురికీ వినపడనియ్యమంటారా?" అన్నాడు అంకమ్మరావు.

"వినపడటానికే ఏడుస్తుంటి."

"అశుభం కదయ్యా."

"అది పాటరా."

చేపల దగ్గర నుంచి సంతోషకుమారి, "అది పాటయితే మా ఇంటాయన రోజూ తాగొచ్చి పాడేది ఏంది మరి?" అంది.

ఆరాధన అక్కడికక్కడే సమావేశం అంది. సభ నడిపేవాళ్ళందరిదీ కాబట్టి మేళంవాళ్ళిద్దరినీ కలిపి పదముగ్గురు. అందరూ ఒప్పుకుంటేనే ఏదైనా. గుండ్రంగా కూర్చున్నారు. జనం కూడా పోలేదు. పాట కంటే ఇది బాగుందని చీరాల నుంచి వచ్చిన ఒకాయన భార్యకి ఫోన్ చేసి రమ్మన్నాడు.

ఏడుపు సమయంలో పుల్ల కింద పెట్టాలని పన్నెండు మంది అన్నారు.

"నాకు సమ్మతమేనండి," అన్నాడు అంకమ్మరావు. "నా చేతులు ఒప్పుకోవు."

చేతులు కట్టేద్దామని ఒకరన్నారు. స్వేచ్ఛాతీరంలో చేతులు కట్టటం ఏమిటని ఇంకొకరన్నారు. డోలుతో సహా అతన్ని పడవ ఎక్కించి సముద్రం లోపలికి పంపుదామన్నారు. పడవవాళ్ళు డీజిల్ ఎవరిదని అడిగారు. చివరికి ఒకాయన కారులోంచి పత్తి తెచ్చాడు. ఆయనది జిన్నింగు మిల్లు. రెండు చెవులకీ పట్టినంత కూరారు. తోమా పాడాడు. అంకమ్మరావుకి ఏమీ వినపడలేదు. తెరుచుకున్న నోరూ, కారుతున్న కళ్ళూ కనపడ్డాయి. వాయించాడు. తన డోలు తనకే వినపడకపోవటంతో ఇంకొంచెం గట్టిగా వాయించాడు.

తొమ్మిది అయింది. ఇసక కాలుతోంది. అంకమ్మరావు చెవుల్లో పత్తి తీసి, వేళ్ళ తొడుగులు ఒక్కొక్కటే విప్పి జేబులో వేసుకున్నాడు. బుడాన్ పక్కన వచ్చి కూర్చున్నాడు.

"చూశావుగా. వీళ్ళకీ మెల్లగానే కావాలి. అందరికీ మెల్లగానే కావాలి. కోల్డ్ స్టోరేజీలో అయితే వాయించమనేవాడూ ఉండడు, ఆపమనేవాడూ ఉండడు."

పోవద్దురా అనటానికి ఇంతకంటే మంచి సమయం రాదని బుడాన్‌కి తెలుసు. నోరు తెరిచాడు. "భోజనాలు ఎన్నింటికో" అన్నాడు.

తర్వాత సన్నాయి వైపు చూస్తూ కూర్చున్నాడు. పెళ్ళిలో ఎప్పుడు ఎవరు ఏడ్చినా వీడు వాయిస్తాడు. ఎప్పుడూనా? కాదు. అప్పగింతలప్పుడు వాయించడు. పెళ్ళికూతుర్ని అత్తవారి చేతుల్లో పెట్టేటప్పుడు తల్లి ఏడుస్తుంది, తండ్రి ఏడుస్తాడు, వంటవాళ్ళు కూడా ఏడుస్తారు. అప్పుడు ఏడవకపోతేనే తప్పు. నలభై ఒక్క ఏళ్ళలో ఒక్కసారి కూడా అంకమ్మరావు ఆ ఏడుపుని మింగలేదు. సన్నాయి ఆ వరస అందుకుంటే అతని చేతులు వాటంతట అవే దిగుతాయి.

బుడాన్ లేచి తోమా దగ్గరికి వెళ్ళాడు.

"అయ్యా, మీ పాటకి ఏదీ తప్పు లేదు. చోటు తప్పు. తాళి కట్టకముందే అప్పగింతలు పెడుతున్నారు."

"ఇక్కడ ఏదీ వరసలో ఉండకూడదు బ్రో. అదే మా పద్ధతి."

"ఈ ఒక్కసారికి వరసలో పోదాం. ముందు గట్టిమేళం. వాడి ఇష్టం వచ్చినంతసేపు, వాడి ఇష్టం వచ్చినంత గట్టిగా. ఎవరూ చెయ్యి అడ్డం పెట్టొద్దు. తర్వాత మీ పాట. ఏడుపు దగ్గరికి వచ్చేసరికి నేను ఎత్తుకుంటా. మీరు కడుపునిండా ఏడవండి."

పదకొండు మందీ ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. ఎవరికీ ఓపిక లేదు. ఆ తోట చరిత్రలో ఒక్క నిమిషంలో ఒప్పుకున్న తీర్మానం అదొక్కటే.

"ఎంత గట్టిగా?" అని అడిగాడు అంకమ్మరావు, తొడుగులు వేసుకుంటూ.

"నీ ఇష్టం."

అంకమ్మరావు పదకొండు నిమిషాలు వాయించాడు. వాడరేవులో ఆ పొద్దున తుమ్మినవాళ్ళూ, దగ్గినవాళ్ళూ, పెళ్ళాన్ని తిట్టినవాళ్ళూ ఎవరైనా ఉంటే అవేమీ ఎవరికీ వినపడలేదు. జుట్లతోటవాళ్ళు లేచి తలలు ఊపారు. ఇరవై ఏళ్ళ సెలూన్‌లో అంకమ్మరావు అంత జుట్టు అంత వేగంగా కదలటం చూడలేదు. ఒంగోలువాళ్ళు చాపలు వదిలేసి ముందుకు వచ్చారు. మెల్లగా అన్నవాడు ఒక్కడూ లేడు.

ఆ ఊపులోనే తోమా పాట అందుకున్నాడు. పన్నెండో నిమిషానికి కొంచెం ముందు బుడాన్ అప్పగింతల వరస ఎత్తుకున్నాడు. అంకమ్మరావు పుల్ల దానంతట అదే చంకలోకి పోయింది. రెండు వేళ్ళతో మాత్రం తాళం ఉంచాడు. బుడాన్ వైపు వంగాడు.

"ఎవరినిరా పంపించేది?"

బుడాన్ పీక నోట్లోంచి తీశాడు. ఊపిరి తీసుకునేంత సమయమే ఉంది.

"నిన్నే. రేపు పోతున్నావుగా."

మళ్ళీ పీక నోట్లో పెట్టుకున్నాడు. తోమా తల వెనక్కి వాల్చాడు.

ఏడుపు ఈసారి మొత్తం వచ్చింది. ఓడ ఎక్కినవాడి పేరు అందులో మూడుసార్లు ఉంది. దాని కింద సన్నాయి నడిచింది. డోలు రెండు వేళ్ళ మీదే ఉంది. బుడాన్ పక్కకి చూశాడు. అంకమ్మరావు పెళ్ళికూతురిలాగా ఏడుస్తున్నాడు. తల దించుకుని, భుజాలు ఎగరేస్తూ, ముక్కు చీదకుండా, తాళం మాత్రం తప్పకుండా. గిటార్ల కుర్రాళ్ళిద్దరూ ఎవరి కోసమో తెలియకుండా ఏడ్చారు. సంతోషకుమారి చెంగుతో కళ్ళు తుడుచుకుని, "ఇప్పుడు పాటలాగా ఉంది" అంది. కాకులు కోడికూర వాసన తగిలి వంటశాల వైపు పోయాయి.

చివర తోమా గిటారుని నేలకేసి కొట్టటానికి పైకెత్తాడు. అంకమ్మరావు ఏడుస్తూనే లేచి దాన్ని చేతుల్లోంచి తీసుకుని, కళ్ళకద్దుకుని, గుడ్డ చుట్టి పక్కన పెట్టాడు.

తిరిగి వచ్చి ఇంటి దగ్గర ఆటో దిగుతూ అంకమ్మరావు, "డోలు నీ దగ్గర ఉంచు. అటక మీద ఎలుకలు" అన్నాడు. సోమవారం పొద్దున బస్సు ఎక్కి గుంటూరు వెళ్ళిపోయాడు.

బుడాన్ డోలుని అరుగు మీద తన మంచం పక్కన పెట్టుకున్నాడు. మంగళవారం ఆరాధన ఫోన్ చేసింది. తోమా గారు ఇప్పుడు అయిదింటికే లేస్తున్నారట. వచ్చే పౌర్ణమి తెల్లవారుజామున మళ్ళీ సభ పెట్టాలని అందరూ అనుకున్నారట. బుడాన్, "డోలు లేదమ్మా" అన్నాడు.

"వేరే ఎవరైనా..."

"డోలు లేదమ్మా," అన్నాడు మళ్ళీ.

గురువారం పొద్దున అతను అరుగు మీద కూర్చుని పీకలు కడుగుతుంటే సంచితో అంకమ్మరావు వచ్చాడు. మంచం మీద కూర్చున్నాడు. ముక్కు ఎర్రగా ఉంది.

"ఏరా, సెలవా?"

"కాదు."

"మరి?"

"మిరపకాయలురా," అన్నాడు అంకమ్మరావు. "లారీ మీద లారీ. టిక్కీ బస్తా దింపితే తుమ్ము, ఎత్తితే తుమ్ము. హమాలీలు నలభై మంది. తూకం దగ్గర ఇద్దరు. సోమవారం మధ్యాహ్నం లోపల రెండొందల పన్నెండు తుమ్ములు. గేటు రేకుది. నేనేం చెయ్యను?"

బుడాన్ పీక పక్కన పెట్టాడు. "మూడు రోజులూనా?"

"మూడు రోజులూ. మంగళవారం నుంచి హమాలీలు కావాలని తుమ్మటం మొదలెట్టారు. నేను వాయిస్తుంటే బస్తాలు దించి నిలబడి వింటారు. బయట లారీలు రోడ్డు దాకా ఆగినయ్. మేనేజరు మంచోడే. చెయ్యి పట్టుకుని, అంకమ్మరావు గారూ, మీరు వాయించటమైనా ఆపాలి, వీళ్ళు తుమ్మటమైనా ఆపాలి అన్నాడు. రెండూ అయ్యేవి కాదని ఆయనకే అర్థమైంది."

"మెల్లగా వాయించమన్నాడా?"

అంకమ్మరావు ఆలోచించాడు. "లేదు. ఆ మాట మాత్రం అనలేదు."

బుడాన్ పీకని మళ్ళీ తీసుకుని గుడ్డతో తుడిచాడు.

"అప్పగింతలు చేశావుగా," అన్నాడు అంకమ్మరావు. "మూడు నిద్దర్లయినయ్. వచ్చా."

బుడాన్ చెప్పాలనుకున్నది ఒకటి ఉంది. "పౌర్ణమికి వాడరేవు. ఆటో నాలుగింటికి," అన్నాడు.

"భోజనాలు?"

"తర్వాత."

లోపల సఫూరా పప్పులో పోపు పెట్టింది. ఎండుమిరపకాయల ఘాటు వాకిట్లోకి వచ్చింది. లోపల్నుంచి ఒక తుమ్ము వినపడబోయింది. అప్పటికే అంకమ్మరావు చెయ్యి మంచం పక్కనున్న డోలు మీద ఉంది.